సలువ రాయి, సిలువ రాయి

పొయ్యిరాళ్లు తేవాలి, పెళ్లిగుండిగ ఎక్కించినా కదలనివి.
ఇంటింటికీ తిరిగి బియ్యం పోగుచెయ్యాలి, దొడ్డువీ సన్నవీ కలిసిపోకుండా.
ఎండుకట్టెలు బండికెత్తాలి.
గుండిగలు, గంటెలు, గంజి వార్చే గంపలు అడిగి తేవాలి.
మోదుగాకు విస్తర్లు కుట్టాలి. జెండాలకు కర్రలు కొట్టాలి. డప్పులవాళ్లకు కబురు పెట్టాలి.
పోలీసులు వస్తే ముందు వరుసలో కూర్చునే ముసలమ్మలతో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోవాలి.
నీళ్లు తేవాలి.

ఎర్రబండ ఊరి బడి వరండాలో కూర్చుని ఈ పనులన్నీ పంచుకున్నారు. బియ్యం పని రాములవ్వది. కట్టెలు, ట్రాక్టరు భూమయ్యవి. వంట మున్నీబీది, చుట్టుపక్కల ఏ పెళ్లయినా బగారన్నం ఆమె చేతి మీదుగా దిగాల్సిందే కాబట్టి, ఆ మాట ఎవరూ అడగను కూడా లేదు. చివరికి మిగిలింది నీళ్లు. ఆ పని ప్రశాంతి నెత్తిన పడింది. పడడం కాదు, ఆమే ఎత్తుకుంది.

అవి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు డిపోలు దాటడం లేదు. ఆఫీసులకు తాళాలు. ప్రశాంతి పాఠాలు చెప్పే ప్రైవేటు బడి కూడా మూతపడింది. మిరుదొడ్డి నుంచి దుబ్బాక పోయే తొవ్వ మీద రోజుకో ఊరు వంటా వార్పు అని పొయ్యి పెట్టి, రోడ్డు మీదే వండి, రోడ్డు మీదే తింటోంది. ఇంకో నాలుగు రోజులకు ఎర్రబండ వంతు. చుట్టుపక్కల ఊళ్లన్నీ వస్తాయి. ఊరి మర్యాద నిలబడాలి.

"అంత మంచిగనే ఉంది గని, నీళ్లెక్కడియి?" అన్నాడు భూమయ్య. ఊరి జేఏసీ కన్వీనరు అతనే. "బొగ్గుబాయిలోళ్లు గూడ సమ్మెల ఉన్నరు. కరెంటు ఎప్పుడొస్తదో ఎప్పుడు పోతదో ఎవలకెర్క? మోటర్లు నడువయి. ట్యాంకరాయన చేతులెత్తిండు. ఉన్న ఒక్క చేతిబోరింగు తాగెతందుకే చాల్తలేదు."

ప్రశాంతి నోట మాట జారింది. "తొవ్వబాయి ఉంది గదనే భూమన్నా."

వరండాలో అందరికంటే ముందు, ఉన్న ఒక్క కుర్చీలో కూర్చున్న భూపతి పటేలు మెల్లగా తల తిప్పాడు. ఆయనకు ఊళ్లో పొలాలున్నాయి, సిద్దిపేటలో ఇల్లుంది. తొవ్వ పక్క మెట్టభూమి, ఓ చెల్క, ప్లాట్లు చేసి అమ్మేందుకు ఈమధ్యే కొన్నాడు.

"ఏ బాయి బిడ్డా? నా చెల్కల ఉన్న గుంతనా?"

"గుంత కాదు పటేలా, బాయి. నీ చెల్కది కాదు, తొవ్వది."

"సదువుకున్నదానివి, కాయితం సూసి మాట్లాడు. రిజిస్ట్రేషన్‌ల గుంత గూడ నాదే అని ఉంది. సమ్మె అయిపోంగనే జేసీబీ తెచ్చి పూడుస్త. గా రాయిని గూడ తీసి పక్కకేస్త. ప్లాట్ల నడుమ ముండ్లపొద ఉంటే ఎవడు కొంటడు?"

"నీళ్లొస్తెనో?"

భూపతి నవ్వాడు. ఆయన నవ్వితే పక్కనున్న ఇద్దరు ముగ్గురు కూడా నవ్వాలని ఊళ్లో అలవాటు. నవ్వారు.

"మా తాత కాలంల పోయిన నీళ్లు నీ కోసం మల్ల వస్తయా? సరే, అందరు ఇనుండ్రి. వంటా వార్పు నాడు గా బాయి నీళ్లతోని అన్నం ఉడికిందనుకో, బాయిని ముట్ట, రాయిని ముట్ట, చుట్టున్న జాగ గూడ తొవ్వకే ఇడిచిపెడ్త. ఉడకకపోతె మాత్రం జేసీబీ ముందట ఎవ్వలు నిలవడద్దు. నోరెత్తద్దు."

"మాటేనా పటేలా?" అన్నాడు భూమయ్య.

"మాటే. నేను గూడ తెలంగాణోన్నే. మాట తప్పుతనా?"

చప్పట్లు కొట్టారు. ప్రశాంతి కూడా కొట్టింది. ఆ బావిలో నీళ్లు ఆమె పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ చూడలేదు. ఆమె చూసిందల్లా సర్కారు తుమ్మ, విరిగిన సీసాలు, ఊరివాళ్లు పడేసిన పాత గడ్డి.

బావి ఒడ్డున ఒక రాయి ఉంటుంది. మనిషి రొమ్ము దాకా ఎత్తు, రెండు పక్కలా చేతులు చాపినట్టు. ఎండకూ వానకూ అంచులన్నీ అరిగిపోయాయి. ఎవరు నిలబెట్టారో తెలియదు. రాజుల కాలందని ఒకరంటారు, బండ్లు కట్టుకుని ఉప్పు అమ్మిన వాళ్లు పాతారని ఇంకొకరంటారు. ప్రశాంతి వాళ్ల వాడ క్రైస్తవులది. వాళ్లకది సిలువ రాయి. వాడలో చర్చి లేదు. అందుకని ఏటా మంచి శుక్రవారం ఆ రాయి చుట్టూ చాపలేసుకుని కూర్చుంటారు; ప్రశాంతి తండ్రి జయరాజ్ ప్రార్థన చేయిస్తాడు. మిగతా ఊరివాళ్లు దాన్ని సలువ రాయి అంటారు. కొత్త పంట రాగానే పసుపు పూసి, ఓ మక్కకంకి పెట్టి పోతారు. ఒకరు పూసిన పసుపును ఇంకొకరు తుడిచేయరు. ఒకరు వెలిగించిన కొవ్వొత్తిని ఇంకొకరు ఆర్పరు. ఎన్నడూ ఎవరూ ఒప్పందం రాసుకోలేదు, అలా నడిచిపోతోంది.

బావి సంగతి వేరు. ప్రశాంతికి దాని గురించి చెప్పింది నాయనమ్మ ఎస్తేరమ్మ. ఆమె చిన్నతనంలో ఊళ్లో బావులకేమీ తక్కువ లేదు. ప్రతి బావి దగ్గరా దూరంగా కుండ పెట్టుకుని నిలబడాలి. ఎవరికైనా దయ కలిగి పోస్తే పోసినట్టు, లేకుంటే లేదు. "ఊర్ల బాయిలన్ని ఎవల్దో ఒకల్ది బిడ్డా. గిదొక్కటే తొవ్వది. తొవ్వ నడిశెటోన్ని కులమడుగది. మెట్లు దిగి, వంగి, నా చేత్తోని నేను ముంచుకున్న బాయి గిదొక్కటే" అనేది. ఆ నీళ్లు తాను పుట్టకముందే ఎండిపోయాయి కాబట్టి, ప్రశాంతికి ఆ మాట ఒక్కటే మిగిలింది. దాన్ని జేసీబీ కింద పూడ్చేస్తానంటే వరండాలో ఊరుకోలేకపోయింది.

మర్నాటి నుంచే పని మొదలైంది. సమ్మెలో చేతులు ఖాళీగా ఉన్న పడుచువాళ్లంతా గొడ్డళ్లు, పారలు పట్టుకుని వచ్చారు. తుమ్మ కొట్టారు. ఆడవాళ్లు వరుసగా నిలబడి తట్టలు అందించుకున్నారు. పూడిక తీస్తున్నకొద్దీ మెట్లు బయటపడ్డాయి, అడుగులు పడి పడి నడుమ గుంటలు పడ్డ మెట్లు. ఒక్కో మెట్టు కనిపిస్తుంటే ఒక్కో కేక. తండ్రి జయరాజ్ అయితే ప్రతి మెట్టునూ తన తువ్వాలతో తుడిచాడు.

మూడోనాడు పొద్దున, అడుగు మెట్టు దాటాక గడ్డపార ఖంగుమంది.

"బండ" అన్నాడు భూమయ్య.

అటు తవ్వినా బండే, ఇటు తవ్వినా బండే. ఊరి పేరుకు తగ్గట్టు ఎర్రటి బండ, కడిగి ఆరబెట్టిన కంచంలా పొడిగా. మధ్యాహ్నం దాకా గీకి గీకి అందరూ మెట్ల మీద కూలబడ్డారు. వంటా వార్పు మర్నాడే.

అప్పుడే తొవ్వ మీద మిరుదొడ్డి కుర్రాళ్లు ఇద్దరు మోటార్‌సైకిల్ ఆపి లోపలికి తొంగి చూశారు.

"ఏమాయెనే ఎర్రబండోళ్లు? వంట సరే, వార్పు దేనితోని? చెమటతోనా?"

"వార్పు లేకుంటే ఒట్టి వంటనే పెట్టుకోండ్రి. పేలాలు ఏంచుండ్రి!" అన్నాడు వెనక కూర్చున్నవాడు.

"పోరా పో, నీ మొకానికి పేలాలు!" అని రాములవ్వ మెట్ల మీంచి పిడికెడు మట్టి విసిరింది. మట్టి వాళ్లదాకా పోలేదు కానీ బండి పోయింది.

రాములవ్వ కొంగు నడుముకు చుట్టుకుని రాయి వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. "సలువ రాయీ, నువ్వే సూడాలె."

అంత దిగులులోనూ ప్రశాంతికి పంతులమ్మ అలవాటు పోలేదు. ఈ మాట ఆమె రాములవ్వకు ఎన్నిసార్లు దిద్దిందో. "సలువ కాదవ్వా. సిలువ."

"గదే గద బిడ్డా నేనన్నది. సలువ."

"సి. సి అను."

"సి."

"లువ."

"లువ."

"ఇప్పుడు కలిపి అను."

"సిలువ" అంది రాములవ్వ బుద్ధిగా. వెంటనే రాయి వైపు తిరిగి, "మా సలువ రాయి తల్లీ, మమ్ముల సల్లగ సూడు" అంది. మెట్ల మీద కూర్చున్నవాళ్లకు నవ్వొచ్చింది. ప్రశాంతి కూడా ఓడిపోయి నవ్వింది.

కాసేపటికి మున్నీబీ వచ్చింది, పొయ్యిలు ఎక్కడ పెట్టాలో చూసుకోవడానికి. నీళ్ల సంగతి ఆమెను ఎవరూ అడగలేదు, ఆమె కూడా అడగలేదు. వంట తన పని, నీళ్లు ఇంకొకరి పని. గాలి ఎటు వీస్తోందో చీర చెంగు పట్టుకుని చూసింది, కాలితో నేల మీద గీతలు గీసింది, ఆ తర్వాత సెల్‌ఫోన్ తీసి, గుండిగలు ఎక్కడ దించాలో కొడుకుకు గట్టిగా చెప్పింది.

"హౌ, ఠండే పత్తర్ కనే ఆజావ్. దేగాఁ వైచ్ ఉతారో!"

ప్రశాంతి మెట్ల మీంచి లేచింది.

"మున్నీ అత్తా, ఏ రాయి దగ్గరికి రమ్మన్నవ్?"

"గిదే బిడ్డా, ఇంకేడుంది? ఠండా పత్తర్."

"ఠండా అంటే సల్లటి అనే గద?"

"మరి? కూల్‌డ్రింకును ఏమంటం?"

"రాయిని ఎందుకంటరట్ల?"

"నాకేమెర్కనే? మా అత్త అనేది. ఆమె అత్త అనేదట. మీరు రాయి అంటరు, మేం పత్తర్ అంటం. గంతే."

"సిలువను మీ ఉర్దూల ఏమంటరు అత్తా?"

"సలీబ్ అంటరు. అయితేంది? గిప్పుడు ఉర్దూ నేర్సుకుంటవా? నాకు గీడ పొయ్యి జాగ సూపియ్యకముందు?"

ప్రశాంతి తల లోపల ఏదో తిరగడం మొదలుపెట్టింది. సలువ అనేది ఊరివాళ్ల నాలుక చేసిన తప్పు అనుకుంది తను. ఇన్నేళ్లూ దిద్దింది. తప్పే అయితే ఆ తప్పు తెలుగులో ఉండాలి. ఉర్దూలోకి పోయి ఠండా ఎలా అవుతుంది? సిలువ అని విన్నవాళ్లు సలీబ్ అనుకునేవాళ్లు. వీళ్లు ఠండా అన్నారంటే, ఎన్నో తరాల కింద ఎవరో ఒకరు ఇక్కడ నిలబడి సలువ అంటే ఏమిటని అడిగారు, చల్లనిదని ఇంకొకరు చెప్పారు. చెప్పింది నమ్మి తమ భాషలో పెట్టుకున్నారు. అంటే మొదట ఇది చలువ రాయి, చల్లని రాయి.

కానీ రాయి చల్లగా ఎందుకుంటుంది, నడిమధ్యాహ్నపు ఎండలో?

వెళ్లి రాయి మీద చెయ్యి వేసింది. చురుక్కుమంది. చాపిన చేతులు రెండూ పెనంలా ఉన్నాయి. చెయ్యి కిందికి జార్చింది. నడుము దగ్గర వెచ్చన. ఇంకా కిందికి. తొవ్వ మీద ఏటేటా మట్టి పోసి ఎత్తు పెంచారు కాబట్టి రాయి అడుగంతా మట్టిలో దిగబడిపోయి ఉంది. మోకాళ్ల మీద కూర్చుని వేళ్లతో మట్టి గీకింది. గీకిన చోట పచ్చగా పాకుడు. అరచెయ్యి ఆనించింది. ఎండాకాలం నీళ్లకుండ అడుగు పట్టుకున్నట్టు ఉంది.

"భూమన్నా!" అని ఆమె వేసిన కేకకు పక్క చెల్కలో కొంగలు లేచాయి.

మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. రాయికి సరిగ్గా కింద, బావి లోపలి గోడ ముందు నిలబడింది. గోడంతా చెక్కిన రాళ్లు. ఆ ఒక్కచోట మాత్రం రాళ్ల సందుల్లో బంకమట్టి, ఆ మట్టిలోకి చొచ్చుకుపోయిన తుమ్మవేర్లు. మిగతా వేర్లన్నీ ఎండి పుల్లలైతే ఇవి తొడంత లావున, పచ్చిగా ఉన్నాయి.

"నీళ్లు కింది నుంచి రాలే భూమన్నా. కింద బండ ఉంటె ఎట్లొస్తయి? పక్కకెళ్లి వచ్చేటియి. ఊట గీడ్నే ఉంది. గుర్తుకని మీద రాయి నిలవెట్టిన్రు. తొవ్వ ఎత్తు చేసినప్పుడు మట్టి దిగి దారి మూసుకపోయింది. వేర్లు సూడు, అవిట్కి ఎర్కయింది, మనకే ఎర్క కాలె."

భూమయ్య వేరు గిల్లి చూశాడు. వేళ్లకు తడి అంటింది. గడ్డపార కోసం చెయ్యి చాపాడు.

"ఆగుండ్రి!"

పైనుంచి ప్రశాంతి వాళ్ల వాడవాళ్లు. ఒడ్డు మీద గుంపుగా నిలబడ్డారు. "గోడ కదిలిస్తె మీదున్న రాయి ఉంటదా? సిలువ బాయిల పడితె ఎవలు జవాబు చెప్తరు?"

"మాకు మాత్రం కాదా రాయి?" అంది రాములవ్వ ఇటునుంచి. "పసుపు పెట్టిన చేతుల్తోని పడగొట్టుమంటవా బిడ్డా?"

అందరి చూపూ జయరాజ్ వైపు తిరిగింది. ఏళ్ల తరబడి ఆ రాయి ముందు ప్రార్థన చేయించిన మనిషి. ఆయన రాయిని ఒకసారి చూసి, మెట్లు దిగి వచ్చాడు. తర్వాత కూతుర్ని మెల్లగా అడిగాడు, మిగతావాళ్లు వినకూడదన్నట్టు.

"అయితే అది సిలువ కాదంటవా బిడ్డా?"

ప్రశాంతి ఆయన దగ్గరికి జరిగింది. "కాదంటలేను బాపూ. సల్లటిది గూడ అంటున్న."

జయరాజ్ తువ్వాల తలకు చుట్టుకున్నాడు. వాడవాళ్ల వైపు తిరిగాడు.

"సిలువ మీదున్నాయన ఆఖరికి అడిగింది నీళ్లే గద. మనం ఇయ్యమందామా? తవ్వుండ్రి. తాడు నేను పట్టుకుంట. రాయి పడితె నా దిక్కు పడాలె."

భూమయ్య ట్రాక్టరు తెచ్చి తొవ్వ మీద అడ్డంగా నిలిపాడు. రాయి చేతుల కింద గోనెసంచులు చుట్టి, మోకు వేసి బిగించారు. ఒక కొస ట్రాక్టరుకు, ఇంకో కొస మనుషులకు. జయరాజ్ ముందు నిలబడ్డాడు, ఆయన వెనక వాడవాళ్లు. వాళ్ల వెనక ఊరివాళ్లు. రాములవ్వ చెప్పులు విడిచి వచ్చి తనూ తాడు పట్టింది. "నువ్వేం గుంజుతవవ్వా?" అని ఎవరో అంటే, "బరువుకు కాదురా, మాటకు" అంది.

కింద భూమయ్య దెబ్బ మీద దెబ్బ వేశాడు. వేరు నరికితే లాగడానికి ఇద్దరు కావాల్సి వచ్చింది. దాని వెంట బంకమట్టి పెళ్ల ఊడింది. ఇంకో పెళ్ల. లోపల ఇరుకుగా చెక్కిన తూము కనిపించింది, చెయ్యి పెట్టేంత. ప్రశాంతి పలుగు లాక్కుని ఆ తూములోకి పొడిచింది. ఏమీ లేదు. మళ్లీ పొడిచింది. పలుగు కొస మెత్తగా దిగి, బయటికి లాగితే రాలేదు. ఎవరో అవతల పట్టుకున్నట్టు. కాలు గోడకు తన్నిపెట్టి బలమంతా పెట్టి లాగింది.

బుసబుసమని గాలి. పాత మట్టి వాసన. ఆ తర్వాత ఎర్రటి బురద ఆమె మొహాన కొట్టింది.

పైన రాయి కదిలింది. "పట్టుండ్రి! పట్టుండ్రి!" మోకు కిర్రుమంది. తాడు పట్టుకున్నవాళ్లంతా వెనక్కి వాలిపోయారు. రాయి బావి వైపు కొంచెం ఒరిగి, ఏదో ఆలోచించుకున్నట్టు ఆగింది. ఆగిపోయింది. మళ్లీ కదలలేదు.

కింద బురద పల్చబడింది. వేలంత ధార, మణికట్టంత ధార. ఎర్రబండ మీద పడి చిట్లుతోంది. భూమయ్య గడ్డపార పారేసి ఆ ధార కింద తల పెట్టాడు. "నీళ్లు! ఓ రాములవ్వా, నీళ్లే!" మెట్ల మీద ఉన్నవాళ్లు మెట్ల మీదే ఎగిరారు. తాడు పట్టుకున్నవాళ్లకు తాడు వదలడానికి ధైర్యం చాలక, అలాగే పట్టుకుని ఎగిరారు. జయరాజ్ మాత్రం కళ్లు మూసుకుని నిలబడ్డాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి. మున్నీబీ బావిలోకి ఒకసారి తొంగి చూసి, తలాడించి, "అయితే పొయ్యిలు గీ దిక్కే పెడ్త, మొయ్యవట్టదు" అని తన పని మీద తను పోయింది.

తెల్లారేసరికి అడుగు మెట్లు మునిగాయి. నీళ్లు తేటపడ్డాయి, అడుగున బండ రంగు కనిపించేంత.

ఆ రోజు ఎర్రబండ దగ్గర తొవ్వ కనిపించలేదు, మనుషులే కనిపించారు. ట్రాక్టర్ల మీద వచ్చారు, సైకిళ్ల మీద వచ్చారు, దుబ్బాక నుంచి నేతవాళ్లు నడిచి వచ్చారు. డప్పులు మోగాయి. బావి అడుగు నుంచి రోడ్డు మీది పొయ్యిల దాకా ఆడవాళ్లు బారుగా నిలబడి బిందెలు అందించుకున్నారు. ఏ బిందె ఎవరిదో, ఏ చెయ్యి ఏ వాడదో చూసే తీరిక ఎవరికీ లేదు. పోలీసు జీపు వచ్చి ఆగింది. ముందు వరుస ముసలమ్మలు చూసిన చూపుకు అందులోంచి దిగిన కానిస్టేబులు, "నీళ్ల కోసం వచ్చిన్నవ్వా" అని సీసా చూపించాడు. నింపుకుని పోయాడు.

మున్నీబీ గుండిగ మూత తీసినప్పుడు భూపతి పటేలు వచ్చాడు. తెల్లటి బట్టలు, మెడలో గులాబీ కండువా. జనం ఆయనకు దారి ఇచ్చారు, మామూలు కంటే కొంచెం ఎక్కువే ఇచ్చారు.

"రా పటేలా రా. మెతుకు పట్టి సూడు, ఉడికిందో లేదో" అన్నాడు భూమయ్య.

మున్నీబీ గంటెతో తీసి చూపించింది. ఆయన మెతుకు తీసి రెండు వేళ్ల నడుమ నలిపాడు.

"ఉడికింది."

"ఇంకింత గట్టిగ చెప్పు పటేలా, మిరుదొడ్డి దాక ఇనవడాలె!"

జనమంతా గొల్లుమన్నారు. ఈసారి ఆయన నవ్వకముందే నవ్వారు. భూపతి మొహం ఎర్రబడింది. కాసేపు తొవ్వ వైపూ, ఒరిగిన రాయి వైపూ చూశాడు. ఆ తర్వాత ఆయనకూ నవ్వొచ్చింది, అది మాత్రం అసలు నవ్వే.

"ఉడికిందయ్యా, ఉడికింది! బాయి తొవ్వది, రాయి తొవ్వది, చుట్టు జాగ తొవ్వది. మాట మాటే. ఇంగ నాకు ఇస్తరిల అన్నం పెడ్తరా, పెట్టరా?"

గుండిగలు వంచారు. తెల్లటి గంజి గంపల్లోంచి దూకి నల్లటి రోడ్డు మీద పొగలు కక్కుతూ పారింది. నిన్నటి మిరుదొడ్డి కుర్రాళ్లు ఆ గుంపులోనే ఉన్నారు. రాములవ్వ వాళ్లను చెవులు పట్టుకుని తెచ్చి గంజి ముందు నిలబెట్టింది. "గిదిగో బిడ్డా వార్పు. మంచిగ సూసుకో. చెమట కాదు."

"తప్పయిందవ్వా" అన్నారు వాళ్లు, నోరంతా అన్నం పెట్టుకుని.

సందడి కొంచెం తగ్గాక ప్రశాంతి ఒక్కతే బావి దగ్గరికి పోయింది. మెట్లు దిగింది. నడుమ గుంటలు పడ్డ మెట్ల మీద ఆమె పాదాలు సరిగ్గా కుదురుకున్నాయి. నీళ్ల అంచున ఆగింది. వంగింది. తన చేత్తో తను ముంచుకుంది. తాగాక కాసేపు అక్కడే కూర్చుంది. పైన ఎవరో జై కొడుతున్నారు, ఊరంతా జై అంటోంది. ఆమె కూడా కూర్చున్న చోటి నుంచే జై అంది. ఆ గొంతు బావి గోడలకు తగిలి ఇద్దరు ముగ్గురు అన్నట్టు వినిపించింది.

తర్వాత తెలంగాణ వచ్చింది. తొవ్వ వెడల్పు చేసినప్పుడు బావిని వదిలేసి అవతలి పక్కకు పెంచారు. రాయి ఇప్పటికీ బావి వైపు కొంచెం వంగే ఉంటుంది, నీళ్లు తాగడానికి వంగిన మనిషిలా. పసుపూ ఉంటుంది, కొవ్వొత్తి మైనమూ ఉంటుంది. రాములవ్వ సలువ అంటుంది. ప్రశాంతి ఇప్పుడు దిద్దదు.

ఆ రోజు పేపరువాళ్లు తీసిన ఫొటో గ్రామపంచాయతీ గోడకు ఉంది. నడుమ ప్రశాంతి, మొహాన ఇంకా కొంచెం ఎర్రమట్టి. పక్కన మోకు భుజాన వేసుకుని జయరాజ్, గడ్డపారతో భూమయ్య, జెండాతో రాములవ్వ. అందరికంటే ముందు, తనే బావి తవ్వినంత నవ్వుతో భూపతి పటేలు. వెనక అంతా పొయ్యిపొగ. ఆ పొగలో ఎడమ పక్కన గంటె పట్టుకున్న ఒక చెయ్యి, గాలికి లేచిన చీర చెంగు మాత్రమే కనిపిస్తాయి. అది మున్నీబీ. అత్తల దగ్గర విన్న మాటను అరగదీయకుండా, సరిదిద్దకుండా, ఉన్నదున్నట్టు వాడుకుంటూ వచ్చిన మనిషి. ఆమె ఆ మధ్యాహ్నం ఫోన్లో ఆ రెండు మాటలు అనకపోతే ఆ ఫొటోయే లేదు.

మీరెప్పుడైనా మిరుదొడ్డి నుంచి దుబ్బాక పోతూ ఆ రాయి దగ్గర ఆగితే, వంగి దాని అడుగున అరచెయ్యి ఆనించండి. చల్లగా తగులుతుంది. అప్పుడు ఒక్కసారి, పొగ వెనకున్న మున్నీబీని యాది చేసుకోండి.